మా మామ కోటు, నా మేకల కొట్టం

మా ముందరి అర్రలో టీవీ పైన గోడకు మా మామ కోటు వేసుకుని ఉంటాడు. నీలం కోటు, ఎర్ర టై, వెనక జలపాతం. ఆయన బతికినన్నాళ్లూ దేవరకొండ దిక్కు గుట్టల్లో గొర్రెలు కాశాడు. ఒంటికి బనీను, నడుముకు పంచె, భుజాన నల్ల గొంగడి, అంతే ఆయన బట్టల బీరువా. కోటు వేసుకున్న మనిషి ఎదురుపడితే ఎవరో పెద్ద సారు అనుకుని దారి విడిచి పక్కకు నిలబడే రకం. ఇక జలపాతం సంగతి చెప్పనక్కర్లేదు. మా దిక్కు నీళ్లు పై నుంచి అంత జోరుగా పడ్డాయంటే ట్యాంకరు పైపు ఊడినట్టే.

ఆయన పోయినప్పుడు ఇంట్లో వెతికితే ఒక్క ఫోటో దొరకలేదు. చివరికి ఎవరిదో పెండ్లి ఫోటోలో, రెండు తలల మధ్య నుంచి తొంగి చూస్తున్న ముఖం ఒకటి కనబడింది. దినాల లోపల ఫోటో గోడకెక్కాలి గదా. స్టూడియో ఆయన ఆ ముఖం వరకు తీసి, తలగుడ్డ చెరిపేసి, నల్లగా జుట్టు పెట్టి, కింద కోటు అతికించాడు. అది చూసి మా ఆయన ఏడ్చాడు. మా అత్తమ్మ చూసి, "గీయిన ఎవరు?" అని అడిగింది.

పెనిమిటి పోయిన దుఃఖంలో మతి తప్పిందనుకుని అందరూ ఆమె ముఖాన నీళ్లు చల్లారు. ఆమె మతి బాగానే ఉందని నాకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. అందుకు నేను వడ్రంగం పనిలో వేలు పెట్టవలసి వచ్చింది.

కరోనా కాలంలో నేను డ్రాయింగు చెప్పే ప్రైవేటు బడి మూతబడింది. ఇంట్లో కూర్చుని ఫోను చూసే రోగం అప్పుడే అంటుకుంది. మా కాలనీ ఆడవాళ్లందరికీ వంటల వీడియోలు వచ్చేవి. నాకు మాత్రం ఏ పుణ్యమో, ఒక తెల్లగడ్డం విదేశీ ఆయన కర్రలు కోసే వీడియోలు వచ్చేవి. ఆయన కర్ర కోస్తుంటే పొట్టు కూడా మర్యాదగా ఒక పక్కకే రాలేది. మాటలు సగమే అర్థమయ్యేవి. ఆయన రోజూ చెప్పేది మాత్రం ఒకటే: ముందు జాగా సర్దుకో, పని సంగతి తర్వాత చూసుకో. పని సంగతి తర్వాత చూసుకోవడం నాకు బాగా నచ్చింది.

మాది నల్లగొండలో పానగల్ పోయే దారిలో ఒక కాలనీ. ఇంటి వెనక రేకుల కొట్టం ఒకటి ఉంది. మామ పోయాక అత్తమ్మ ఊరు వదిలి మా దగ్గరికి వచ్చినప్పుడు, ట్రంకు పెట్టెతో పాటు రెండు మేకలను కూడా ఆటోలో దింపింది. పట్నంలో మేకలేందమ్మా అని మా ఆయన మొత్తుకుంటే, "పట్నంల మనుషులుంటలేరా ఏంది, మేకలుంటే ఏమాయె?" అంది. ఆ మేకల కోసమే కట్టిన కొట్టం అది. తర్వాత మోకాళ్ల నొప్పులు ముదిరి మేకలను అమ్మేసింది. కొట్టం ఖాళీ అయింది గానీ వాసన ఖాళీ కాలేదు.

"అత్తమ్మా, కొట్టం నేను తీస్కుంట," అన్నాను ఒకరోజు.

"మేకలు దెస్తవా?" అంది ఆశగా.

"కాదు. కర్రపని జేస్త. హాబీ."

"హాబీ అంటే ఏందే?"

"ఎవరు జెయ్యమనకున్నా, ఎవరు పైసలియ్యకున్నా, మనంతట మనం చేసే పని."

ఆమె దవడ కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. "గట్లయితే నేను పెండ్లయినకాంచి గదే చేస్తున్న గదనే," అంది.

మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయనకు హాబీ అంటే తెలుసు గానీ అది ఆఫీసర్లకు ఉండే జబ్బు అని ఆయన నమ్మకం. "ఆడమనిషివి రంపం వట్టుకుంటే నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు. ఆ నలుగురు ఎవరో నాకు అప్పటికి తెలియదు. తర్వాత కలిశారు, వస్తాను ఆ సంగతికి.

నేల కడిగాను. ఎన్ని బకెట్లు పోసినా ఏ మూల నుంచో ఒక పెంటిక దొర్లుకుంటూ వచ్చేది. గోడలకు సున్నం వేశాను. పాత తలుపు రెక్కను రెండు దిమ్మెల మీద పరిచి బల్ల చేశాను. తెల్లగడ్డం ఆయన చెప్పినట్టే గోడకు ప్లైవుడ్ పలక బిగించి, ఒక్కో పనిముట్టును దాని మీద ఆనించి చుట్టూ నల్ల రంగుతో గీత గీశాను. సుత్తె తీసుకుంటే సుత్తె ఆకారం గోడ మీద మిగులుతుంది, ఏది ఎక్కడ పెట్టాలో చూడగానే తెలుస్తుంది. డ్రాయింగు టీచరును కదా, గీతలు బ్రహ్మాండంగా వచ్చాయి. అత్తమ్మ లోపలికి వచ్చి గోడంతా చూసి, "గీ దయ్యాలేందే?" అని గడప దగ్గరే ఆగిపోయింది.

పచ్చడి సీసాలు కడిగి, మొలలు ఒకదాంట్లో, స్క్రూలు ఒకదాంట్లో పోసి, మూతలకు చీటీలు అంటించాను. వారం తిరగకుండానే మొలల సీసాలో అత్తమ్మ పెట్టిన చింతపండు కనబడింది. మూత గట్టిగా ఉందట, పురుగు పట్టదట. మొలలు ఏమయ్యాయంటే, "గవ్విటికి పురుగు వడ్తదా?" అని ఎదురడిగింది. వానలు మొదలైన రోజున మా ఆయన కూలరు తెచ్చి కొట్టంలో పెట్టాడు, ఎట్లాగూ జాగా ఉందిగదా అని. కూలరు వెనక దాని గడ్డి, గడ్డి వెనక పాత పేపర్లు, పేపర్ల వెనక రేషను బియ్యం సంచి. దసరా నాడు అత్తమ్మ ఎంతో భక్తితో ఉలులన్నిటినీ నీళ్లతో కడిగి, పసుపు కుంకుమ పెట్టి, తడి ఆరకుండానే గుట్ట నరసింహస్వామి పటం ముందు పేర్చింది. పండుగ సందడి ముగిసి నేను మళ్లీ కొట్టంలోకి వెళ్లేసరికి కుంకుమ ఏదో తుప్పు ఏదో తెలియలేదు.

ఇక ఇరుగు పొరుగు. తెల్లగడ్డం ఆయన తన వీడియోల్లో దుమ్ము గురించి చెప్పాడు, తేమ గురించి చెప్పాడు, పక్కింటివాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కొట్టంలో సామాను ఉందన్న కబురు పొక్కగానే సుత్తె ఎదురింటికి పోయింది, పటకారు పై వాటాకు పోయింది, రంపం ఎవరి ఇంట్లో కొబ్బరిమట్టలు కొడుతోందో దేవుడికే ఎరుక. నల్ల గీతలు మాత్రం గోడ మీద బుద్ధిగా ఉండేవి. ఇంత సర్దాక, నేను చేసిన వస్తువు ఏదని మీరడిగితే, ఒక్కటీ లేదు. పెండ్లి కుదరని ఇంట్లో పందిరి వేసినట్టు ఉండేది నా కొట్టం.

అన్నీ అరువుకు పోయినా డ్రిల్లింగ్ మిషన్ మాత్రం ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు. కావాలంటే నేనే వచ్చి బెజ్జం వేస్తాననేదాన్ని. అక్కడే నా పేరు మోగిపోయింది.

మా కాలనీలో అన్నీ సిమెంటు గోడలు. మామూలు మొల కొడితే మొల వంగుతుంది, లేదంటే వేలు వాస్తుంది. మామూలు రోజుల్లో గోడకు మొల అవసరం ఎవరికుంటుంది? క్యాలెండరు కిటికీకి వేలాడుతుంది, బట్టలు తలుపు మీద వేలాడతాయి. మనిషి పోయినప్పుడే గోడకు మొల కావాలి. దినం పొద్దున, వంటవాళ్లు పొయ్యి రాజేసే వేళకు, ఎవరో ఒకరు మా గేటు దగ్గర నిలబడి గొంతు తగ్గించి పిలిచేవారు. "అక్కా, జర మిషన్ వట్టుకొని వస్తవా? నాయిన ఫోటో ఎక్కియ్యాలె." నేను బొమ్మలు చేద్దామని, అల్మారాలు చేద్దామని కొన్న మిషన్ అది. కాలనీలో ఎవరు పోయినా డప్పులాయన తర్వాత కబురు నాకే.

మొదటిసారి వెళ్లిన ఇంట్లో నేను స్టూలు ఎక్కగానే నలుగురు మగవాళ్లు వచ్చి ఆ స్టూలు కాళ్లు తలా ఒకటి పట్టుకున్నారు. మా ఆయన చెప్పిన నలుగురు వీళ్లేనన్నమాట. ఒకరు జర పైకి అన్నారు, ఒకరు జర ఎడమకు అన్నారు, ఒకరు మిషన్ ఇటివ్వక్కా నీతోని గాదు అన్నారు. ఇచ్చాను. ఆయన దాన్ని ఉల్టా తిరిగే మీట మీద పెట్టి గోడను చాలాసేపు పాలిష్ చేశాడు. తర్వాత నలుగురూ గోడనే తిట్టారు. మీట మార్చి నేను బెజ్జం వేసి దిగాను, వాళ్లు ఫోటో ఎక్కించారు.

ఫోటో చూసి నేను స్టూలు పట్టుకున్నాను. నీలం కోటు, ఎర్ర టై, వెనక జలపాతం.

ఇంకో ఇంటికి వెళ్లాను. జీవితమంతా హమాలీ పని చేసిన పెద్దాయన, నీలం కోటు. మరో ఇల్లు. వరి కోత మిషన్ నడిపినాయన, నీలం కోటు. గుండీ దగ్గర చిన్న మడత కూడా అన్నిట్లోనూ ఒకే చోట ఉంది. ఊళ్లో అందరం ఒకే స్టూడియోకు పోతాం మరి. మా కాలనీలో పోయిన మగవాళ్లంతా పైన ఏదో ఒకే ఆఫీసులో కొలువుకు కుదిరినట్టు, ఆ ఆఫీసు జలపాతం ఒడ్డున ఉన్నట్టు నాకు తోచేది. ఇంటికొచ్చి టీవీ పైన మామను చూస్తే నవ్వొచ్చేది. నవ్వి లెంపలు వేసుకునేదాన్ని.

వెనక వీధిలో ఒక ముసలమ్మ ఉండేది. పట్నంలో అత్తమ్మకు ఉన్న ఒకే ఒక్క దోస్తు. సాయంత్రం ఇద్దరూ కొట్టం గోడకు ఆనుకుని కూర్చుని సుట్టలు కాల్చేవాళ్లు, కోడళ్ల మీద మాట్లాడుకునేవాళ్లు. నేను లోపల చప్పుడు ఆపితే వాళ్లు మాట ఆపేవారు. ఆమె పోయింది. దినం నాడు నేను మిషన్ పట్టుకుని వెళ్తుంటే అత్తమ్మ నా వెంట వచ్చింది.

బెజ్జం వేశాను, ఫోటో ఎక్కింది. పచ్చ పట్టుచీర, మెడ నుంచి నడుము దాకా బంగారు హారం, చెవులకు బుట్టలు, మీద పడుతున్న జలపాతం. బతికినన్నాళ్లూ ముక్కుపుల్ల తప్ప వేరే బంగారం ఎరగని మనిషి.

అత్తమ్మ కళ్లు చికిలించి చూసింది. నిండు ఇంట్లో, విస్తళ్లు వేస్తుండగా, అందరికీ వినబడేట్టు అడిగింది. "గీమె ఎవలే?"

"మా అత్తనే గద పెద్దమ్మా," అంది ఆ ఇంటి కోడలు.

"మీ అత్త గీ చీర ఎన్నడు గట్టింది?"

ముసలమ్మ కొడుకు తల దించుకుని, "బతికుండంగ కొనియ్యలేకపోతిమి పెద్దమ్మా. ఫోటోలనన్న కట్టనీయని," అన్నాడు. అత్తమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది. నేను మిషన్ సంచిలో పడేసి ఆమె వెనక పరుగెత్తాను.

ఇంటికొచ్చి టీవీ ముందు నిలబడింది. టీవీలో ఏదో సీరియల్ నడుస్తోంది, ఆమె దానికి పైన చూస్తోంది. "రేపు నేను సచ్చినంక నన్ను గూడ గట్లనే జేస్తరు," అంది. "నా తలకాయ కోసుకపోయి ఎవలదో మొండేనికి అతుకుతరు. గాయినకు జేసిండ్రు గదా. ఇన్నేండ్లాయె, నాకు పెనిమిటి లేడు, పెనిమిటి ఫోటో లేదు. ఎవలో కోటాయిన నేను బువ్వ తిందామంటే సూస్తుంటడు."

నాకు నవ్వు రాలేదు. ఆ ఫోటో కింద కూర్చుని ఆమె ఎన్నడూ అన్నం తినకపోవడం, కంచం పట్టుకుని వంటింట్లోకి పోవడం నేను చూస్తూనే ఉన్నాను. మోకాళ్లు నొప్పి, కింద కూర్చోలేక పీట కోసం పోతుందనుకునేదాన్ని.

"నా ఫోటో నేను బతికుండంగనే దిగుత," అంది. "నువ్వు కర్రలు గొయ్యవడ్తివి గదా, ఫ్రేము నువ్వే కట్టు. గోడకు గొట్టినంక నేను నా కండ్లతోని సూస్కోవాలె. నేను నాలెక్క ఉన్నన్నో లేన్నో."

అట్లా నా హాబీకి మొదటి గిరాకీ దొరికింది.

ఫోటో నేనే ఫోనులో తీశాను, కొట్టం ముందు నిలబెట్టి. సుట్ట పట్టుకోవాలా వద్దా అన్న దాని మీద ఒక పూట చర్చ నడిచింది. పట్టుకుంటే చుట్టాలు ఏమనుకుంటారో, పట్టుకోకపోతే దోస్తు గుర్తుపడుతుందో లేదో. చివరికి సుట్ట చేతిలో ఉండాలి గానీ చెయ్యి కిందికి ఉండాలని తీర్మానమైంది. అచ్చు వేయించడానికి పోతే స్టూడియో ఆయన ముఖం వాడిపోయింది. "పట్టుచీర ఏస్త మేడం, దానికి పైసలు గూడ తీస్కోను," అన్నాడు. వద్దన్నాను. కనీసం జలపాతమన్నా అన్నాడు. వద్దంటే వద్దన్నాను. ఎంత వద్దన్నా చెయ్యి ఆగలేదు పాపం, ఇంటికొచ్చి చూస్తే అత్తమ్మను తెల్లగా చేసి ఇచ్చాడు. మళ్లీ పోయి, నల్లగా చెయ్యమని గొడవ పెట్టుకుని తెచ్చాను. ఆ పని అడిగిన మొదటి మనిషిని నేనేనట.

అరువుకు పోయిన రంపం రాలేదు కాబట్టి కొత్తది కొన్నాను. ఫ్రేము అంటే నాలుగు కర్రముక్కలు, చివర్లు ఏటవాలుగా కోసి అతికించడం. తెల్లగడ్డం ఆయన దాన్ని టీ తాగుతూ చేసేవాడు. నా ఫ్రేములో మూడు మూలలు కలిసేవి, నాలుగోది నోరు తెరిచేది. దాన్ని సరిచేస్తే రెండోది తెరుచుకునేది. అత్తమ్మ బల్ల పక్కన బియ్యం సంచి మీద కూర్చుని, ఫ్రేము అందుకుని, ఆ సందులో వేలు పెట్టి చూసి, "గాలొస్తది తియ్," అనేది. కర్రపొట్టులో జిగురు కలిపి సందులు పూడ్చాను. ఫోటో చుట్టూ తెల్ల అట్టను కిటికీలా కోసి మౌంట్ పెట్టాను. అద్దం బిగించాను. నా చేతులతో చేసిన మొదటి వస్తువు, కొంచెం ఓరగా ఉన్నా, నిలబడింది.

ఆఫీసు నుంచి వచ్చి మా ఆయన దాన్ని చూశాడు. "బతికున్న మనిషికి ఫ్రేమా?" అని అరిచిన అరుపుకు పై వాటావాళ్లు కిటికీ తీశారు. అపశకునం అన్నాడు, కొడుకు బతికుండగా తల్లిని గోడకెక్కిస్తారా అన్నాడు, ఇంట్లో ఈ ఫోటో కనబడితే తాను ఇంట్లో ఉండనన్నాడు.

"ఇంట్ల ఎవలు పెడుతున్నరురా?" అంది అత్తమ్మ తాపీగా. "కొట్టంల పెడుతున్నం. కొట్టం ఇల్లెట్లయితది?"

కొట్టం ఇల్లు కాదనే కదా, కూలరును తెచ్చి అక్కడ పడేసింది ఆయనే. ఫోటో నా ప్లైవుడ్ పలక మీద, రంపం గీత ఉన్న చోట ఎక్కింది. ఆ పాత రంపం ఎట్లాగూ తిరిగి రాలేదు.

అప్పటి నుంచి మిషన్ కోసం వచ్చేవాళ్లు గడపలోనే ఠారెత్తిపోయేవారు. ఎదురింటి ఆయన ఒకసారి వచ్చి, ఫోటో చూసి, చెప్పులు విడిచి చేతులు కట్టుకున్నాడు. "అయ్యో, ఎప్పుడు జరిగింది చెల్లే? మాకు కబురన్న చెయ్యకపోతిరి," అన్నాడు. బియ్యం సంచి మీద నుంచి జవాబు వచ్చింది. "ఇంక జరగలే. కూసో." ఆయన కూర్చోలేదు. మా సుత్తె మాత్రం ఆ సాయంత్రమే వాపసు వచ్చింది.

అత్తమ్మ రోజూ వచ్చి తన ఫోటో చూసుకునేది. మురిసిపోయిందని కాదు, తనిఖీకి వచ్చినట్టు చూసేది. ఒకరోజు ఆ ఫోటోను దగ్గరగా చూస్తూ అడిగింది. "సుట్ట అవుపడ్తలేదేందే?"

"అట్ట కింద వడ్డది అత్తమ్మా. మౌంట్ అంచు కప్పేసింది."

"అంటే గీ అట్ట ఎంత దాక గప్పుతది?"

"ఎంత దాకా ఉంచితే అంత దాకా."

ఆమె ఇంట్లోకి పోయి, తన దిండు చంకలో పెట్టుకుని వచ్చింది. ఆ దిండంటే మా ఆయనకు ఒళ్లు మంట. రాయిలా ఉంటుందని, వాసనని, కొత్త దిండ్లు తెచ్చి ఇచ్చినా ఆమె దాన్ని వదలదని ఎప్పుడూ గునిసేవాడు. బల్ల మీద పెట్టి, పైన కుట్టిన పాత చీర కుట్లు పళ్లతో తెంపింది. లోపల నాలుగు మడతల నల్ల గొంగడి, మామది. దినం నాడు చచ్చిన మనిషి బట్టలన్నీ మూటగట్టి ఇచ్చేస్తారు గదా, ఆమె దాన్ని మూటలో నుంచి లాగి దాచింది. మడత విప్పగానే కొట్టమంతా గొర్రెల వాసన. నేను అన్ని బకెట్ల నీళ్లు పోసి పోగొట్టిన మేకల వాసన లాంటిదే.

"కోటు గప్పెయ్," అంది.

అట్టకు బదులు గొంగడి పెడితే మౌంట్ మందంగా వస్తుంది కాబట్టి పెట్టెలాగా లోతున్న ఫ్రేము కావాలి. ఏమిటది అని మా ఆయన అడిగితే మసాలా డబ్బాల అల్మారా అని చెప్పి రోజూ కొంత కొంత చేశాను. మూలలు ఈసారీ మూడే కలిశాయి. ఒకరోజు ఆయన ఆఫీసుకు పోగానే స్టూలెక్కి మామను దింపాను. ముఖం చుట్టూ ఎంత చోటు వదలాలో కాగితం మీద కొలిచి, ముచ్చటైన కోడిగుడ్డు ఆకారం గీసి, గొంగడి మీద పెట్టి కత్తెర అందుకున్నాను.

"గుడ్డు లెక్క ఉండెనా మీ మామ?" అంది అత్తమ్మ. "కొయ్యకు. ఇటియ్యి."

గొంగడి ఒక కొసను రెండు చేతుల్లోకి తీసుకుని, వాన పడ్డప్పుడు మామ తల మీదుగా ఎట్లా మడిచి కప్పుకునేవాడో అట్లా మడిచింది. ఆ చేతులు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోలేదు. నుదుటి మీదికి జర కిందికి లాగింది, గదవ కింద ఒక పక్కను రెండో పక్క మీదికి తెచ్చింది. స్టూడియో ఆయన పెట్టిన జుట్టు పోయింది. టై పోయింది. కోటు పోయింది. జలపాతం మొత్తం ఎండిపోయింది. నేను చేసిందల్లా ఆ మడత కదలకుండా వెనక నుంచి సూదితో కుట్టడం, అద్దం బిగించడం, ఫ్రేము బరువెక్కింది కాబట్టి గోడకు కొత్త బెజ్జం వేయడం. కలవని నాలుగో మూలలో నుంచి గొంగడి ఉన్ని కొంచెం బయటికి వచ్చింది. జిగురు పెట్టి పూడ్చబోతే, "ఉండనియ్," అంది.

దీపాలు పెట్టే వేళకు మా ఆయన వచ్చాడు. బ్యాగు కుర్చీలో పెట్టి, తల ఎత్తి, అట్లాగే నిలబడిపోయాడు.

"ఏం జేసిండ్రు?" అన్నాడు. "నాయినను మల్ల గొర్లకాడికి తోలిండ్రా?"

నేను నోరు తెరవబోయాను, అత్తమ్మ నన్ను ఆపింది.

"నాకు నౌకరొచ్చిన నెలనే పోయిండు," అన్నాడు మా ఆయన. "మా ఆఫీసుల అందరి నాయినలు ప్యాంట్లు ఏస్కుంటరు. కనీసం ఫోటోల... నేను గా కోటును చూస్కునే ఇన్ని దినాలు... గొర్లకాడికెళ్లి నాయినను తీస్కొచ్చిన అనుకున్న గదమ్మా."

"ఆయిన ఎన్నడొచ్చిండు బిడ్డా?" అంది అత్తమ్మ. కోపంగా అనలేదు. "నువ్వు కోటును దెచ్చుకున్నవ్. ఆయిన్ని ఆడనే ఇడిసిపెట్టి వచ్చినం."

ఆయన బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. నాకు ఆయన మీద జాలేసింది. పోయి పక్కన కూర్చుందామనుకున్నాను గానీ తలుపు దగ్గరే ఆగాను. ఇన్నాళ్లూ ఆ కోటును చూసి నేను నవ్వాను, ఆయన అదే కోటును చూసి ధైర్యం తెచ్చుకునేవాడు. ఒకే గోడ కింద ముగ్గురం ఉన్నాం.

లోపల అత్తమ్మ టీవీ కట్టేసింది. వంటింట్లోకి పోయి కంచంలో అన్నం పెట్టుకుని వచ్చింది. కంచం కింద పెట్టి, ముందు కొంగు సర్దుకుని భుజం చుట్టూ కప్పుకుంది. కోటాయన ముందు ఆమె ఎన్నడూ ఆగి కొంగు సర్దుకోలేదు, పరాయి మగవాడి ముందు నుంచి పోయినట్టు తల తిప్పుకుని పోయేది. గోడకు ఎదురుగా, మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. బయట మెట్ల మీద మా ఆయన తల తిప్పి ఇటు చూశాడు.

ఆమె గొంగడిలోని ఆ ముఖాన్ని చూసింది. ముద్ద కలుపుతూ, రోజూ మాట్లాడే గొంతుతోనే అడిగింది.

"ఇన్నొద్దులు ఏడికి బోయినవయ్యా? గొర్లు ఎప్పుడో ఇల్లు జేరినయ్."